ట్రాక్టర్ ముందు బకెట్: సిలిండర్ కొనకముందే పిన్నుల చోటు తేల్చుకోవడం

పెంటకుప్ప ఎత్తడానికి, ఎండాకాలంలో చెరువు మట్టి ట్రాలీలో పోయడానికి, పత్తి కట్టె నెట్టడానికి ట్రాక్టర్‌కు ముందు బకెట్ కట్టించుకునేవాళ్లు వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు చాలామందే ఉన్నారు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి చల్కలకు తోలే పని ఊరూరా జరిగింది. బకెట్ తయారుచేయడం వెల్డింగ్ తెలిసిన ఏ మిస్త్రీకైనా వచ్చిన పనే. చెడేది మాత్రం దాదాపు ప్రతిసారీ ఒక్క దగ్గరే. సిలిండర్ ముందు కొంటారు, దాని పొడవుకు సరిపడా బ్రాకెట్లు తర్వాత అతికిస్తారు.

అట్లా చేసిన బకెట్ నడుము ఎత్తు దాకా బాగానే లేస్తుంది. ట్రాలీ డబ్బా అంచు దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ గొణుగుతుంది, రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ను వదిలేసేది) కీచుమంటుంది, బకెట్ అక్కడే నిలబడిపోతుంది. అప్పుడు 50 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) సిలిండర్ తీసేసి 63 వేస్తారు. పైన బలం సరిపోతుంది కానీ కింద అవసరానికి రెండింతలు అవుతుంది. మట్టిలో దిగిన బకెట్‌ను లాగబోతే వెనక చక్రాలు లేస్తాయి, ముందు ఇరుసు వంగుతుంది. తప్పు సిలిండర్ లావుది కాదు, పిన్ను చోటుది.

కింద ఉన్నదంతా 45-50 హెచ్‌పీ ట్రాక్టర్‌కు రెండు చేతులు, రెండు లిఫ్ట్ సిలిండర్లు ఉన్న బకెట్‌కు వేసిన లెక్క. మీ ట్రాక్టర్ కొలతలు వేరుగా ఉంటాయి. కాబట్టి అంకెల కంటే పద్ధతిని పట్టుకోండి.

మూడు పిన్నులు, ఒక త్రిభుజం

చెయ్యి తిరిగే పిన్ను ఒకటి, అది ట్రాక్టర్‌కు బిగించిన స్తంభం పైన ఉంటుంది. సిలిండర్ అడుగు పిన్ను రెండోది, స్తంభానికి కింది భాగంలో. సిలిండర్ రాడ్డు చేతికి తగిలే పిన్ను మూడోది. ఈ మూడూ కలిస్తే త్రిభుజం. చెయ్యి లేస్తున్నకొద్దీ రెండు భుజాలు మారవు, సిలిండర్ ఉన్న మూడో భుజం సాగుతుంది. సిలిండర్ ఎంత పొడవు సాగాలి, ఏ ఎత్తులో ఎంత బలం దొరుకుతుంది అన్న రెండూ ఈ త్రిభుజంలోనే ఉన్నాయి.

బలం చూసుకోవడానికి కావలసిన కొలత ఒక్కటే. చెయ్యి పిన్ను నుంచి సిలిండర్ నడి గీతకు గుణియా (మూలమట్టం) పెట్టి కొలిచిన దూరం. దీన్ని ఇక్కడ గుణియా దూరం అందాం. అది ఎక్కువుంటే సిలిండర్‌కు పట్టు ఎక్కువ. తగ్గుతూ పోయి సున్నా అయితే, అంటే సిలిండర్ గీత చెయ్యి పిన్ను మీదుగా పోతే, ఎంత లావు సిలిండర్ వేసినా చెయ్యి కదలదు.

సైన్, కాస్ లెక్కలు రాకపోయినా నష్టం లేదు. షెడ్డు గచ్చు ఊడ్చి, సుద్దముక్క, మేకు, సాగని సుతిలి, టేపు, గుణియా తీసుకుని అసలు సైజులోనే గీయాలి. మూడు మీటర్లకు మూడు మీటర్ల జాగా చాలు. కాగితం మీద చిన్న స్కేలులో గీస్తే పెన్సిలు గీత మందమే 10 మి.మీ. తేడా తెస్తుంది. ఈ పనిలో 10 మి.మీ. చిన్న తేడా కాదు.

గచ్చు మీద గీసే వరస

ముందు నేల గీత గీయండి. దానికి 1400 మి.మీ. పైన చెయ్యి పిన్ను చుక్క పెట్టి అక్కడ మేకు కొట్టండి. 2000 మి.మీ. సుతిలితో చాపం తిప్పండి. అది బకెట్ పిన్ను నడిచే దారి. నేలకు 200 ఎత్తున చాపం మీద ఒక గుర్తు, 2500 ఎత్తున ఇంకో గుర్తు. మొదటిది బకెట్ నేల మీద కూర్చున్నప్పటిది, రెండోది ట్రాలీలో పోసేటప్పటిది. బకెట్ వంచినప్పుడు పెదవి 500-600 కిందికి వేలాడుతుంది కాబట్టి 2500 అంటే డబ్బా అంచుకు చిక్కేది 1900 మాత్రమే. చెయ్యి పిన్ను నుంచి ఈ రెండు గుర్తులకు రెండు గీతలు, మధ్యలో నేలకు సమాంతరంగా ఇంకో గీత. కింది నుంచి పైకి చెయ్యి తిరిగేది సుమారు 70 డిగ్రీలు.

ఒక మాట గుర్తుంచుకోండి. చెయ్యి మధ్యలో వంగి ఉన్నా ఈ గీతలు పిన్ను నుంచి పిన్నుకు తిన్నగానే పోవాలి. వంపు చూడ్డానికీ, బానెట్‌కు అడ్డం రాకుండా ఉండటానికీ. లెక్కకు దానితో పనిలేదు.

ఇప్పుడు సిలిండర్. మొదటి ప్రయత్నంగా అడుగు పిన్ను చెయ్యి పిన్నుకు సరిగ్గా కింద 650 దగ్గర, రాడ్డు పిన్ను చేతి మీద 900 దగ్గర పెట్టి చూడండి. టేపు పెడితే కింది స్థితిలో పిన్నుల మధ్య 728, పై స్థితిలో 1370 వస్తుంది. సాగాల్సింది 642. ముడుచుకున్నప్పుడు 728లోంచి 642 తీసేస్తే మిగిలేది 86 మి.మీ. పిస్టన్, గ్లాండ్ (రాడ్డు బయటికొచ్చే చోటి మూత), అడుగు మూత, పిన్నులు దూరే రెండు చెవులు ఇవన్నీ 86లో పట్టవు. ఈ సైజు సిలిండర్లలో వీటికి సుమారు 200 నుంచి 250 పోతుంది. గీసినప్పుడు బాగుంది, చేయించబోతే అసలు సిలిండరే లేదు!

తేలిగ్గా గుర్తుపెట్టుకోవడానికి సాగిన పొడవును ముడిచిన పొడవుతో భాగించండి. 1.7ను బాగా దాటితే పిన్నులు మార్చాల్సిందే. పై లెక్కలో 1.88.

రెండో ప్రయత్నంగా అడుగు పిన్నును 450కి పైకి జరపండి, రాడ్డు పిన్ను 900 దగ్గరే ఉండనివ్వండి. కింద 726, నడుమ 1006, పైన 1207. సాగేది 481. మిగిలింది 245, సిలిండర్ చేయించవచ్చు. నిష్పత్తి 1.66.

మూడో దారి కూడా ఉంది. అడుగు 650 దగ్గరే ఉంచి రాడ్డు పిన్నును 1200కి ముందుకు తోస్తే 962 నుంచి 1649, సాగేది 687. సిలిండర్ దొరుకుతుంది, పట్టు కూడా బాగా పెరుగుతుంది. కానీ ముందుకు పోయిన సిలిండర్, పూర్తిగా తిప్పిన ముందు టైరు రెండూ ఒకే జాగాకు వస్తాయి. రాడ్డు పొడవు పెరిగి వంగే ప్రమాదమూ పెరుగుతుంది. ముందు ఇరుసుకు, స్తంభానికి మధ్య ఎడం ఎక్కువున్న ట్రాక్టర్‌కైతే ఇదే మేలు. లేకపోతే రెండో దారే.

అడుగు పిన్నును సరిగ్గా కిందనే ఎందుకు పెట్టాలి, కొంచెం ముందుకు పెడితే పైన పట్టు పెరుగుతుంది కదా అని అడిగేవాళ్లుంటారు. పెరుగుతుంది. 450 దూరం మార్చకుండా 15 డిగ్రీలు ముందుకు జరిపి గీయండి. ముడిచిన పొడవు 612, సాగిన పొడవు 1126 వస్తుంది. 514 సాగాలి, మిగిలింది 98. మళ్లీ దొరకని సిలిండరే. వెనక్కి జరిపితే సిలిండర్ సులువుగా దొరుకుతుంది, పైన బలం పడిపోతుంది.

ఏ ఎత్తులో ఎంత బలం కావాలి

రెండో గీతనే తీసుకుని మూడు స్థితుల్లోనూ గుణియా దూరం కొలవండి. కింద 446, నడుమ 402, పైన 280. పైకి పోయేకొద్దీ పట్టు తగ్గుతోంది. బరువు కేంద్రం బకెట్ పిన్నుకు 400 ముందుంటుందనుకుంటే, చెయ్యి పిన్ను నుంచి బరువుకు అడ్డంగా దూరం కింద 2000, నడుమ 2400, పైన 2070. రెండో దాన్ని మొదటిదానితో భాగిస్తే బకెట్‌లో ఒక్క కిలో ఎత్తడానికి సిలిండర్లు ఎన్ని కిలోల బలంతో తోయాలో తెలుస్తుంది. కింద 4.5, నడుమ 6, పైన 7.4.

బరువు ఎక్కువ దూరంలో ఉండేది నడుమ. అందుకే చాలామంది లెక్క అక్కడే వేసి ఆపేస్తారు. ఇరుక్కునేది మాత్రం పైన. కనుక లెక్క ఎప్పుడూ పై స్థితికే వేయాలి. పైన గుణియా దూరం, అడుగు పిన్ను దూరంలో 60 శాతానికి తగ్గకుండా చూసుకోండి. ఇక్కడ 450లో 280, అంటే 62 శాతం. అంచు మీద ఉంది, సరిపోతుంది.

బరువు ఎంత? సరుకు 350, బకెట్ 150, చేతుల బరువులో ముందుకు పడే వాటా 100, మొత్తం 600 కిలోలు. పైన 600ను 7.4తో గుణిస్తే 4440, రెండు సిలిండర్లకు పంచితే ఒక్కోదానికి 2220 కిలోలు. 50 మి.మీ. బోర్ వైశాల్యం 19.6 చదరపు సెం.మీ. ఒక బార్ అంటే చదరపు సెం.మీ.కు 1.02 కిలోలు. 2220 కిలోలు తోయడానికి 111 బార్ కావాలి. పిన్నుల రాపిడికి, సీళ్ల రాపిడికి పదో వంతు కలిపితే 122. రిలీఫ్ వాల్వ్‌ను 130 బార్‌కు పెడితే పని జరుగుతుంది. అంటే 50 బోర్ చాలు.

అదే 63 బోర్ వేసి 150 బార్‌తో నడిపితే కింది స్థితిలో రెండు సిలిండర్లూ కలిసి బకెట్ దగ్గర 2100 కిలోలు దాటి లాగుతాయి. 50 బోర్, 130 బార్‌తో 1160. మట్టి తవ్వడానికి ఇదే ఎక్కువ. టైము కూడా చూడండి. పంపు నిమిషానికి 25 లీటర్లు ఇస్తే 50 బోర్ సిలిండర్లు రెండూ నిండడానికి 1.9 లీటర్లు, నాలుగున్నర సెకన్లు. 63కి 3 లీటర్లు, ఏడు సెకన్లు. రోజంతా ట్రాలీలు నింపేవాళ్లకు ఆ రెండున్నర సెకన్ల తేడా సాయంత్రానికి బాగా తెలుస్తుంది.

350 కిలోలకు బకెట్ ఎంతుండాలో అన్నిటికంటే బరువైన సరుకును బట్టి తేల్చాలి. తడి ఒండ్రు ఘనమీటరుకు సుమారు 1600 కిలోలు తూగుతుంది. కాబట్టి 0.22 ఘనమీటర్లు, అంటే 1400 వెడల్పు ఉంటే సుమారు 450 లోతు, 350 ఎత్తు. పెంట తేలిక కదా అని బకెట్ పెద్దగా చేయిస్తే, ఎండాకాలం అదే బకెట్ చెరువులోకి దిగుతుంది. అప్పుడు ఎవరూ సగమే నింపరు.

పంపు ఒత్తిడి ఎంతుందో వినికిడి మీద నమ్మవద్దు. చాలా ట్రాక్టర్లలో కొత్తలో 150-200 బార్ మధ్య ఉంటుంది. పదేళ్లు దమ్ము చేసిన ట్రాక్టర్‌లో పంపు అరిగి ఉండవచ్చు. గ్లిజరిన్ నింపిన 0-250 బార్ గేజీని టీ జాయింట్‌తో పెట్టి, ఆయిల్ బాగా వేడెక్కాక చూడండి. మే నెల ఎండలో ఆయిల్ పలచబడ్డాక వచ్చే అంకే మీకు పనికొచ్చేది, పొద్దున చల్లగా ఉన్నప్పటిది కాదు.

రాడ్డు మందం

తోసే సిలిండర్‌లో బోర్ కంటే రాడ్డు గురించే ఎక్కువ ఆలోచించాలి. మన సిలిండర్ పూర్తిగా సాగితే 1200 దాటుతుంది. అంత పొడవున్న దాన్ని రెండు చివరల నుంచి నొక్కితే విల్లులా వంగుతుంది. 30 మి.మీ. రాడ్డు సుమారు 5600 కిలోల దగ్గర వంగడం మొదలుపెడుతుంది. 130 బార్ దగ్గర మన సిలిండర్ తోసేది 2600. రెండింతలే రక్షణ. గుంతలో పడ్డ టైరు ఇచ్చే ఒక్క కుదుపుకు అది పోతుంది. 35 రాడ్డుకు ఇదే 10,400, అంటే నాలుగింతలు. ఐదు మి.మీ. మందానికి బలం దాదాపు రెట్టింపు. 50 బోర్‌కు 35 రాడ్డే చెప్పి చేయించండి.

ఆర్డరు ఇచ్చేటప్పుడు చెవి నుంచి చెవికి పిన్నుల నడుమ కొలత రాసివ్వాలి. ముడిచినప్పుడు 716, సాగినప్పుడు 1216, సాగేది 500. గీతలో వచ్చిన 726 కంటే కింద 10 తక్కువ, 1207 కంటే పైన 9 ఎక్కువ. ఆ కింది 10 మి.మీ. బకెట్ పిన్ను దగ్గర 36 మి.మీ. అవుతుంది. బకెట్ నేలకంటే ఆ మాత్రం కిందికి దిగకపోతే చల్క నేలలో మట్టి పట్టదు, పైపైన జారుతుంది.

పాత మెషిన్ల నుంచి విప్పిన సిలిండర్ చౌకగా దొరికితే రాడ్డును చదునైన ప్లేటు మీద దొర్లించండి. వంకర ఉంటే కింద వెలుతురు కనిపిస్తుంది. క్రోమ్ మీద గోరుతో గీయండి, గోరు తట్టుకున్న చోట సీలు తెగుతుంది. పాత ట్రాలీ జాకీని దీనికి వాడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. అది ఒకవైపే పనిచేసేది. పైకి తోస్తుంది, దిగడానికి డబ్బా బరువే దిక్కు. దానితో బకెట్‌ను నేలలోకి నొక్కలేరు.

బకెట్ తిప్పే సిలిండర్

దీనికీ ఇదే త్రిభుజం, చిన్నది. బకెట్ వెనక మీట పొడవు 200 పెట్టి, మొత్తం తిరుగుడు 80 డిగ్రీలు అనుకుని, నడి స్థితిలో సిలిండర్ మీటకు నిలువుగా ఉండేట్టు గీస్తే సాగేది 257. రెండు చివర్లలో గుణియా దూరం 153. అడుగు పిన్నును ఇష్టమొచ్చినట్టు జరిపి ఒక చివర బలం పెంచితే రెండో చివర తగ్గుతుంది. ఈ బకెట్‌కు రెండు వైపులా బలం కావాలి కాబట్టి నడుమ నిలువుగా ఉండటమే మేలు.

సిలిండర్ చెయ్యి పైన ఉండి బకెట్ పై అంచును తోస్తే, సాగినప్పుడు సరుకు పోస్తుంది, ముడిచినప్పుడు బకెట్ వెనక్కి తిరుగుతుంది. తవ్వేటప్పుడు కావలసింది ఈ రెండోదే. ముడిచేటప్పుడు రాడ్డు ఆక్రమించిన వైశాల్యం పోతుంది. 50 బోర్‌లో 35 రాడ్డు ఉంటే మిగిలేది దాదాపు సగం. లెక్క ఈ సగానికే వేయాలి.

ఇక్కడే ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటుంది. చెయ్యి 70 డిగ్రీలు లేచేసరికి బకెట్ కూడా చేతితోపాటు 70 డిగ్రీలు వెనక్కి తిరుగుతుంది. కింద వెనక్కి మడిచి నింపుకున్న బకెట్, పైకి పోయాక దాదాపు తలకిందులై బండరాయిని బానెట్ మీదుగా డ్రైవర్ ఒళ్లో పోస్తుంది. లేపుతూ లేపుతూ బకెట్‌ను కొంచెం కొంచెం ముందుకు వంచుతూ పోవాలి. అది అలవాటయ్యే దాకా రాళ్లు ఎత్తకండి. బకెట్ వెనక గోడను 200 పైకి పెంచి కమ్మీలు పెట్టించడం తక్కువ ఖర్చుతో పోయే జాగ్రత్త.

వెల్డింగ్‌కు ముందు డమ్మీ

గీత ఎంత బాగున్నా ట్రాక్టర్ మీద ఏదో ఒకటి అడ్డం వస్తుంది. చదరపు పైపు రెండు సైజులవి, ఒకదాంట్లో ఒకటి జారేవి తీసుకుని చివర్లలో పిన్ను రంధ్రాలు వేయండి. 716 దగ్గర, 1216 దగ్గర ఆగేట్టు బోల్టు పెట్టండి. ఇదే డమ్మీ సిలిండర్. బ్రాకెట్లను టాకా (చిన్న వెల్డింగ్ చుక్కలు) మాత్రమే వేసి, డమ్మీ తగిలించి, చేతిని చైన్ బ్లాక్‌తో కింది నుంచి పైదాకా లేపి దించండి. తర్వాత ముందు చక్రం ఒకదాని కింద 150-200 మి.మీ. దిమ్మె పెట్టి ఇరుసును వంచి, స్టీరింగ్ చివరిదాకా రెండు వైపులా తిప్పండి. టైరుకు, సిలిండర్‌కు మధ్య 50 మి.మీ. ఎడం ఉండాలి. చదును నేల మీద తిప్పి చూసి సరే అనుకుంటే పొలం గట్టు దిగేటప్పుడు టైరు పోయి సిలిండర్‌ను రాసుకుంటుంది.

ఎడమ, కుడి బ్రాకెట్లను విడివిడిగా కొలిచి పెట్టవద్దు. రెండు వైపులా రంధ్రాల గుండా ఒకే పొడవాటి 30 మి.మీ. షాఫ్టు దూర్చి, అది చేత్తో తిరుగుతుండగా టాకా వేయండి. ఈ ఒక్కటి పాటించకపోతే వచ్చే జబ్బు ఆరునెలలకు బయటపడుతుంది. రాడ్డు మీద ఒకే పక్క మెరిసే చార, గ్లాండ్ దగ్గర ఆ పక్కనే ఆయిల్ చెమ్మ. సీలు ఎన్నిసార్లు మార్చినా మళ్లీ అక్కడే కారుతుంది, ఎందుకంటే పిన్నులు సమాంతరంగా లేవు.

పిన్నులు ఈఎన్8 స్టీలు 30 మి.మీ., చెవి వెడల్పు 40, రెండు పక్కలా 12 మి.మీ. ప్లేట్లు, ఒక్కో పక్క ఒక మి.మీ. సందు. సందు ఎక్కువైతే పిన్ను తెగదు, వంగుతుంది. వంగిన పిన్నును బయటికి తీయడం ఏమిటో ఒకసారి తీసినవాళ్లకు తెలుసు. గన్‌మెటల్ బుష్షు, గ్రీజు నిప్పల్ తప్పకుండా పెట్టించండి. పిన్ను తిరగకుండా చివర చిన్న పట్టీ వెల్డ్ చేసి బోల్టుతో బిగించండి. పిన్ను ప్లేటులో తిరిగితే రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

చెయ్యి ఎక్కువ వంగేది రాడ్డు పిన్ను దగ్గరే. 100×50 ఛానెళ్లు రెండు ఎదురెదురుగా పెట్టి పెట్టెలా అతికితే మన బరువుకు సరిపోతుంది. ఆ బ్రాకెట్ కింద 300-400 పొడవు ప్లేటు వేసి, దాని చివరలను చేప తోకలా కోయండి. చేతికి అడ్డంగా తిన్నని వెల్డింగ్ గీత వస్తే చీలిక అక్కడి నుంచే మొదలవుతుంది. రెండు చేతుల మధ్య గట్టి అడ్డపైపు ఉండాలి, సుమారు 114 మి.మీ. బయటి కొలత, 6 మి.మీ. మందం. రెండు సిలిండర్లను ఒకేలా లేపేది టీ జాయింట్ కాదు, ఈ పైపు. ఆయిల్ ఎప్పుడూ బరువు తక్కువున్న పక్కకే పోతుంది.

మన ట్రాక్టర్లలో చాలావాటికి ఛాసిస్ ఉండదు. ఇంజిన్, క్లచ్ హౌసింగ్, గేర్‌బాక్స్ బోల్టులతో ఒకదానికొకటి బిగించి ఉంటాయి. స్తంభాన్ని క్లచ్ హౌసింగ్ బోల్టులకు మాత్రమే వేలాడదీస్తే బకెట్ బరువంతా ఆ జాయింట్‌ను విప్పడానికే చూస్తుంది. ముందు బోల్‌స్టర్ (ముందు ఇరుసును పట్టుకునే దిమ్మె) నుంచి వెనక ఇరుసు హౌసింగ్ దాకా రెండు పక్కలా 100 ఛానెల్ పోవాలి, స్తంభం దాని మీద నిలబడాలి. పోత ఇనుము మీద వెల్డింగ్ చేయవద్దు, కొత్త రంధ్రాలు వేయవద్దు, ఉన్న బోల్టు రంధ్రాలే వాడండి.

ఆఖరి వెల్డింగ్‌కు అసలు సిలిండర్లు విప్పి పక్కన పెట్టాలి. తీయలేని పరిస్థితి అయితే రాడ్డుకు తడి గోనెపట్టా చుట్టి, ఎర్త్ క్లాంపును వెల్డ్ చేసే ముక్కకే తగిలించండి. కరెంటు సిలిండర్ గుండా పోతే బుష్షుల్లోనూ క్రోమ్ మీదా కంటికి కనపడనంత గుంటలు పడతాయి. బ్యాటరీ తీగ తీసేయడం మరవద్దు.

పైపులు, వాల్వులు

పంపు నుంచి వచ్చే మెయిన్ పైపు అర ఇంచు, సిలిండర్లకు పోయేవి మూడు ఎనిమిదో వంతు ఇంచు సరిపోతాయి. రెండు పొరల తీగ ఉన్నవే తీసుకోండి. పొడవును చెయ్యి పైన ఉన్నప్పుడు, కింద ఉన్నప్పుడు, బకెట్ రెండు వైపులా తిప్పినప్పుడు కొలవాలి. అర ఇంచు పైపు వంపు 180 మి.మీ. వ్యాసార్థానికి తగ్గితే లోపలి తీగ తెగుతుంది. చెయ్యి పిన్ను పక్కనుంచే పైపు పోయేట్టు చేస్తే సాగుడు తక్కువ.

లీవర్ల వాల్వ్‌ను ట్రాక్టర్ లిఫ్టు దారి మధ్యలో కలిపేటప్పుడు పవర్ బియాండ్ పోర్టు (ఆయిల్‌ను ఒత్తిడితోనే ముందున్న లిఫ్టుకు పంపే వేరే దారి) ఉన్నదే కొనండి. అది లేని వాల్వ్ తర్వాత లిఫ్టు ఉంటే, లిఫ్టు లేపినప్పుడల్లా ఒత్తిడి వాల్వ్ ట్యాంకు పోర్టు మీద పడి సీళ్లు తన్నుకొస్తాయి. చదును పని కూడా చేయాలనుకుంటే ఫ్లోట్ స్థానం ఉన్న లీవర్ తీసుకోవాలి. బకెట్ నేల ఎత్తుపల్లాలను బట్టి దానంతట అది లేస్తూ దిగుతూ పోతుంది.

పైపు పగిలితే చెయ్యి పడిపోకుండా ఆపే వాల్వ్‌ను సిలిండర్ అడుగు పోర్టుకే నేరుగా బిగించాలి. పైపుకు అవతలి చివర పెడితే దానికి అర్థం లేదు. దీంతోపాటు 75×40 ఛానెల్ ముక్క ఒకటి, పైకి సాగిన రాడ్డు బయటికి కనిపించే పొడవుకు కోసి ఉంచుకోండి. బకెట్ పైకెత్తి కింద గ్రీజు కొట్టాల్సి వచ్చినప్పుడల్లా దాన్ని రాడ్డు మీద బోర్లించి, గ్లాండ్‌కు చెవికి మధ్య అడ్డం పెట్టండి. లీవర్ మీద నమ్మకంతో కింద దూరకండి. చెమ్మ ఎక్కడిదా అని చేత్తో తడమవద్దు, అట్టముక్క పెట్టి చూడండి. సన్నటి రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న చుక్కలా కనిపించినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోవాల్సిన గాయం అది.

వెనక బరువు, మొదటి పరీక్ష

600 కిలోలు ముందు ఇరుసుకు 1.3 మీటర్ల ముందు వేలాడితే, ఇరుసుల మధ్య 2 మీటర్లున్న ట్రాక్టర్‌లో వెనక చక్రాల మీద 390 తగ్గి, ముందు ఇరుసు మీద 990 పెరుగుతుంది. ముందు టైరు పక్కన రాసిన లోడ్ ఇండెక్స్‌తో (టైరు మోయగల బరువును సూచించే అంకె) దీన్ని పోల్చండి. ట్రాక్టర్ సొంత బరువులో ముందు పడే వాటా కూడా కలపాలి. అంకె దాటితే సరుకు తగ్గించాలి, టైరులో గాలి పెంచడం మందు కాదు. వెనక లిఫ్టుకు 300 కిలోల కాంక్రీటు దిమ్మె, వెనక ఇరుసుకు ఒక మీటరు వెనక తగిలిస్తే వెనక 450 కలుస్తుంది, ముందు 150 తగ్గుతుంది. 300 కిలోలంటే ఎనిమిదో వంతు ఘనమీటరు కాంక్రీటు, పాత డ్రమ్ములో సగం కంటే కొంచెం ఎక్కువ.

మొదటిసారి ఆయిల్ నాలుగైదు లీటర్లు అదనంగా పడుతుంది. సిలిండర్లకు సుమారు మూడు, మిగతాది పైపులకు. మట్టం చేతులు కింద ఉన్నప్పుడే చూడాలి. పైన ఉన్నప్పుడు చూసి నింపితే దించగానే పొంగుతుంది. ఖాళీ బకెట్‌తో ఇంజిన్ నెమ్మదిగా తిప్పుతూ పదిసార్లు లేపి దించితే గాలి పోతుంది. తర్వాత చేతిని చివరిదాకా లేపి లీవర్ పట్టి ఉంచి, గేజీ చూస్తూ రిలీఫ్‌ను 130కి బిగించండి. 100 కిలోలు, 200, ఆపై నిండు బకెట్. ప్రతిసారీ మీటరు ఎత్తున ఆపి, ఇంజిన్ బంద్ చేసి, పది నిమిషాల్లో ఎంత దిగిందో టేపు పెట్టండి. బాగా దిగుతుంటే తప్పు వాల్వ్‌దో సిలిండర్‌దో తేల్చాలి. పిన్ను తీసి సిలిండర్‌ను విడిగా పూర్తిగా చాపి, రాడ్డు వైపు పైపు విప్పి, అడుగు వైపు ఒత్తిడి ఇవ్వండి. విప్పిన పోర్టు నుంచి ఆయిల్ కారితే పిస్టన్ సీలు పోయినట్టు. కారకపోతే వాల్వ్‌ను చూడండి.

బండి నిలిపేటప్పుడు చేతులు కిందికి దించితే లిఫ్ట్ రాడ్డులు లోపలికి పోతాయి. బకెట్ సిలిండర్‌ను కూడా ముడిచే నిలపండి. వానాకాలం మూడు నెలలు కరిగెట్టు బురద పట్టి బయట నిలిచిన క్రోమ్ మీద తుప్పు చుక్కలు లేస్తాయి, దసరా తర్వాత మొదటి ట్రాలీకే అవి సీలును కోస్తాయి.